ఉజ్జీవ సభ

పోస్టరు మీద రివైవల్ అని అచ్చేసిన్రు
చిలకలగూడ ప్రెస్సుల.
గది జూసి నలభై మంది తెల్లబట్టలు గట్టుకొని
చంకల బైబిళ్లు వెట్టుకొని వచ్చిన్రు,
ఉజ్జీవ సభ అనుకొని.
డెస్మండ్‌కు ఏం జెప్పాల్నో తెల్వక
మైకుల ఒన్, టూ, త్రీ అన్నడు.
సగం మంది లేసి పోయిన్రు.
మార్తమ్మ అనే ముసలామె మాత్రం
ముందటి వరుసల ఆఖరుదాంక కాలు ఆడించి,
పోతపోత టోపీల పది రూపాలేసి
"మంచిగనే లేపిన్రు బిడ్డా" అన్నది.

మా బ్యాండు కత ఎవరన్న అడిగితే
నేను ఈడికెల్లే మొదలువెడ్త.
అసలు మొదలుకు నేను లేను.
విన్నది జెప్త.

డెబ్బై నాలుగుల, సమ్మె అయిన యేడు,
లాలాగూడ వర్క్‌షాపు ఇరవై దినాలు నోరు మూసుకున్నది.
ఆ సప్పుడు లేక నిద్ర పట్టలేదట
ఫిట్టర్ డెస్మండ్ హార్ట్‌లీకి.
తుక్కు కింద పారేసిన మూడో తరగతి బెంచీ,
టేకు చెక్క,
వాని చేతుల గిటార్ అయింది.
వాళ్ల నాయిన ఇడిసిపోయిన రికార్డులు
అప్పటికే ఇరవయ్యేండ్ల పాతయి.
ఇంగ్లండుల గూడ వీటిని మర్సిపోయిన్రు గదరా అంటే
"కొత్తది పాతగైతది.
పాతది ఇంకేమైతది?" అన్నడట.
బ్రాడ్‌గేజ్ బాయ్స్ అని పేరు వెట్టుకున్నరు,
తలలకు అరచేతి మందం క్రీము రాసుకున్నరు.

నేను ఎనభై మూడుల వచ్చిన.
క్రిస్మస్ డాన్సు. ఇన్‌స్టిట్యూట్ నేల మీద
జోళ్లు జారాలని బోరిక్ పౌడర్ సల్లిన్రు.
డ్రమ్ముల నెవిల్‌కు కామెర్లు.
గేటుకాడ సైకిళ్లకు చీటీలిచ్చే నన్ను పిల్సి
"ఒక్క రాత్రి గొట్టు ఎల్లేశం" అన్నడు డెస్మండ్.
మా తాతది డప్పు, మా నాయినది డప్పు.
ఇంగ్లీషు ముక్క రాదు, దరువు వచ్చు.
రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద బరువెయ్యాల్నంట,
గంతేనా!
పీరీలు లేసినప్పుడు మేం ఏసేది
దానికి పెద్దనాయిన కొడుకే.
నెవిల్ కోలుకొని పెర్త్ పోయిండు.
నా ఒక్క రాత్రి ఇంక ఒడవలే.

తర్వాతయి గబగబ జెప్త.
మెల్విన్ మెల్‌బోర్న్ పోయిండు.
క్లారెన్స్ తాగితాగి దగ్గర్లనే పోయిండు,
నారాయణగూడ బొందలగడ్డకు.
తొంభైలల్ల ఎవ్వరు పిలువలే.
వారాసిగూడల ఒక బరాత్‌కు పోతే
గుర్రం బెదిరింది, పైసలియ్యలే.
ఆడనే దొరికిండు ఖుర్షీద్,
బ్యాండుమేళంల శాక్సాఫోన్ ఊదెటోడు.
జరీకోటు ఇప్పకుంటనే మా ఎంట వచ్చిండు,
పదకొండేండ్లు ఆ కోటు తోనే ఊదిండు.
ఇప్పుడు ఊపిరి సాల్తలేదు.
వాళ్ల మన్మరాలు నౌషీన్ డ్యూటీ దిగి వస్తది,
మాదాపూర్ కెల్లి మెట్రోల,
ఒళ్లె అదే శాక్సాఫోన్,
తోలు మెత్తలు మార్పిచ్చింది.

డెస్మండ్ పోయి ఆరేండ్లు.
మొదటి నలుగురిల ఒక్కడు లేడు.
మరి గిది అదే బ్యాండెట్లైతది అని
గిటార్‌కు కొత్తగ వచ్చిన పోరడు కిరీటి అడిగిండు.
వాన్ని వర్క్‌షాపు గోడకాడికి తోల్కపోయి
ఓవర్‌హాలుకు వచ్చిన బోగీ జూపిచ్చిన.
చక్రాలు మారుతయ్, సీట్లు మారుతయ్,
కప్పు మారుతది, రంగు మారుతది,
నంబరు మారదు అన్న.
"రేకు గూడ మార్చినంక
ఆ నంబరు దేని మీదుంటది తాతా?" అన్నడు.
నేను బీడీ కోసం జేబులు దేవులాడిన.

శనివారం ఇన్‌స్టిట్యూట్‌ల ఆట ఉన్నది.
మూడో పాటకే నా కుడిచెయ్యి తిమ్మిరెక్కుతది,
ఎవ్వరికి జెప్పలే.
బోరిక్ పౌడర్ రెండు డబ్బాలు నేనే కొన్న.
నిన్న వాన పడుతుంటె
కిరీటి గిటార్ వాసన జూసి మొకం ఇచ్చుకున్నడు,
ఇదేంది, అరటితొక్కల లెక్క,
బొగ్గు పొగ లెక్క అని.

కిటికీ పక్క సీటురా అది అన్న.
సర్దుకొని గూసో.